పూసిన చెట్టును చూడని పిల్ల

విదిన్,
1984 ఏప్రిల్ 10,
మంగళవారం రాత్రి.

ప్రియమైన నెవేనకు,

నీ కామెన్ రాస్తున్నాను. ఇక్కడ నేను, పిల్లలు, బాల్కనీలో నువ్వు పెట్టి వెళ్ళిన పూలకుండీలు, రోజూ మన గుమ్మంలోనే పడుకునే పక్కింటి పిల్లి అందరం క్షేమం. నువ్వూ, నీ కడుపులో ఉన్న మూడో మనిషీ క్షేమంగా ఉన్నారని నీ ఉత్తరంలో చూసి ప్రాణం లేచి వచ్చింది. డ్యూటీ బట్టలైనా విప్పకుండా వంటింట్లో నిలబడే చదివేశాను. డాక్టరు నిన్ను మంచం దిగి కిటికీ దాకా నడవనిచ్చాడని రాశావే, ఆ ముక్క పిల్లలకు గట్టిగా చదివి వినిపించాను. "అమ్మ నడక నేర్చుకుంటోందా?" అని బోయాన్ అడిగాడు. అవునన్నాను. "పడిపోతే లేపడానికి అక్కడ ఎవరున్నారు?" అన్నాడు. నీ పక్క మంచం ఎల్కా ఉందని చెప్పాను. పోయిన నెల సోఫియాలో, లోపలికి రానివ్వక, నేను ఆ ఆసుపత్రి పెరట్లో మిగతా మొగుళ్ళతో పాటు మెడ పైకెత్తి నిలబడితే, నీ మాటల్ని మూడో అంతస్తు కిటికీలోంచి అరిచి నాకు అందించిన పుణ్యాత్మురాలు ఆవిడే కదా. నేను అడిగానని చెప్పు. "ఆవిడ నిన్ను ప్రేమిస్తోందట, సాక్సులు ఉతుక్కోమంటోంది!" అని ఆవిడ వేసిన కేకకు కింద ఉన్న మగాళ్ళంతా నవ్వారు. నేను మాత్రం ఆ కేకను జేబులో పెట్టుకుని రైలెక్కాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాద్దామనే కూర్చున్నాను. వరస నా వల్ల అయ్యేది కాదని నీకు తెలుసు.

ముందు కలీన జడ. నేను వేసిన మొదటి జడ మా పంపుల ఫ్యాక్టరీలో బరువులెత్తే మోకులా ఉంది. అది పార్కుకు చేరేలోపే విడిపోయింది. అక్కడ బెంచీ మీద కొలువుతీరే ముసలమ్మలు ఉన్నారుగా, వాళ్ళకు పెద్ద మన మెట్ల కింద ఇంటి త్సోనా అవ్వ. ఆవిడ కలీనను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, జడ మొత్తం విప్పేసి, నా చేత మళ్ళీ వేయించింది. "వేళ్ళతో పట్టుకోవయ్యా, పట్టకారుతో పట్టుకున్నట్టు పట్టుకుంటావేం! అది పిల్ల జుట్టు, పైపు కాదు," అని ఒకటే తిట్లు. ఇప్పుడు నాకు జడ వచ్చు. నువ్వు వచ్చాక నీకూ వేస్తాను.

మొదటి షిఫ్టు దిగగానే బడి నుంచి పిల్లలిద్దర్నీ తీసుకుని తిన్నగా నది ఒడ్డు పార్కుకే వెళ్తున్నాం. ఇంటికి వెళ్ళి మళ్ళీ బయల్దేరడం అంటే ఇద్దరికీ బూట్లు రెండోసారి తొడగడం, అంత ఓపిక నాకు లేదు. ఆ వేళప్పుడు అక్కడ మీసం ఉన్న మనిషిని నేనొక్కణ్ణే, గీనా అవ్వను లెక్కలో వేసుకోకపోతే. (ఈ మాట నువ్వు ఎవరితోనూ అనకు, నా ప్రాణం తీస్తుంది.) మొదట్లో ఆ ఆడవాళ్ళందరి మధ్య కూర్చోవడానికి సిగ్గేసి, పిల్లలు ఊగే ఉయ్యాల వెనక నిలబడేవాణ్ణి. ఇప్పుడు బెంచీ మీద నాకంటూ ఒక చోటుంది. ఎవరి కోడలు ఎలాంటిదో, ఎవరి మోకాలికి ఏ కషాయం పనిచేసిందో నాకిప్పుడు కంఠతా వచ్చు. పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు కాగితం పొట్లంలో ఊసెయ్యడం కూడా నేర్చుకున్నాను. కానీ వాళ్ళ కళ్ళు మాత్రం నా మీదే ఉంటాయి. మొన్న కలీన బూటు తాడు కట్టడానికి దాన్ని అరుగు మీద కూర్చోబెట్టానో లేదో, బెంచీ బెంచీ అంతా లేచింది.

"ఏవయ్యా, ఆడపిల్లని చల్లటి రాతి మీద కూర్చోబెడతావా? రేపు దానికి పిల్లలు పుట్టకపోతే ఎవరిదీ పాపం?"

"దానికి ఐదేళ్ళే కదా అవ్వా," అన్నాను.

"ఐదేళ్ళ పిల్లకి నడుం ఉండదా? లే, ముందు లేపు! ఇదిగో, ఈ పేపరు మడిచి కింద వెయ్యి. వీడి టోపీ ఏదీ? నదిగాలి చెవుల్లో దూరుతోంది, కనపడట్లా? మగాడి చేతికి పిల్లల్నిస్తే ఇంతే!"

ఆ రోజు ఎంత ఎండగా ఉందంటే నేను చొక్కా చేతులు మడుచుకుని ఉన్నాను. అయినా ఇద్దరికీ టోపీలు పెట్టాను. ఈ ఊళ్ళో ఎదురు చెప్పలేని అధికారం అదొక్కటే.

బోయాన్ తింటున్నాడా అని అడిగావు. ఇంట్లో తినడు, పార్కులో తింటాడు. ఇంట్లో చిక్కుళ్ళ సూపు పెడితే పళ్ళు బిగపట్టి కూర్చునేవాడు, బెంచీ దగ్గర గీనా అవ్వ డబ్బాలోంచి అదే సూపు తీసి పెడితే గిన్నె నాకేస్తాడు. నువ్వు చేసి పెట్టి వెళ్ళిన ఎర్ర మిరప పచ్చడి సీసాల్లో ఇంకొకటే మిగిలింది. దాన్ని నువ్వు వచ్చిన రోజున తెరుద్దామని కలీన అలమారలో వెనక్కి దాచింది.

వాడికి ఈ మధ్య కొంగల పిచ్చి పట్టింది. ఈ ఏటి తొలి కొంగను అందరికంటే ముందు తనే చూడాలట. రెక్కలున్నదేదైనా వాడికి కొంగే. కాకి కొంగ, నది మీది తెల్లపిట్ట కొంగ, నాలుగో అంతస్తులో ఆరేసిన దుప్పటి కూడా కొంగే. పార్కులో వాడు "కొంగ!" అని అరిచినప్పుడల్లా అందరూ తలెత్తి చూసి మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడిపోయేవారు.

కొంగంటే గుర్తొచ్చింది. పోయిన ఉత్తరంలో పంపిన బొమ్మలో కొంగకు మూడు కాళ్ళెందుకున్నాయని అడిగావు. మూడోది కాలు కాదు, కింద ఉన్న పొగగొట్టం. సరే, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు కలీన గురించి కొంచెం వివరంగా రాయాలి. నీకు గుర్తుందిగా, ఫిబ్రవరి ఆఖర్లో కింద అంబులెన్స్ నిలబడి ఉంటే, స్ట్రెచర్ పట్టుకున్న కుర్రాళ్ళు "అమ్మా, ఆలస్యం అవుతోంది" అని తొందరపెడుతుంటే, నువ్వు "ఒక్క నిమిషం" అని సొరుగులోంచి మార్చి దారాలు తీశావు. మార్చి ఒకటిన కట్టాల్సినవి. ఆ రోజుకు నువ్వుండవని నీకు తెలిసిపోయింది. బోయాన్‌కు కట్టావు, నాకు కట్టావు, కలీన కుడి చేతికి ఎర్రదారం, తెల్లదారం మెలేసి కట్టి, దాని చెవిలో ఏదో చెప్పావు. ముడి గట్టిగా పడింది. రోజు రాకముందే కట్టావని తెలిసి త్సోనా అవ్వ తర్వాత సణిగింది, ఈ నెలను ఏలే మార్చి అవ్వకు కోపమొస్తుందట, చలి తిరిగొస్తుందట. రాలేదు. ఆ నెలంతా ఎండే కాసింది.

నువ్వు దాని చెవిలో ఏం చెప్పావో నాకు మార్చి మధ్యలోగానీ తెలియలేదు. పార్కులో పిల్లలు ఎక్కి ఆడుకునే ఇనప కడ్డీల రాకెట్టు పక్కనున్న చెట్టు పూసింది. ఒక్క రాత్రిలో తెల్లగా అయిపోయింది. పిల్లలంతా పరిగెత్తుకెళ్ళి దారాలు విప్పి కొమ్మలకు కట్టేస్తున్నారు, చెట్టు నిండా ఎర్రటి కుచ్చులు. బోయాన్ మాత్రం తనకు కొంగే కావాలని మొండికేసి తన దారం ఉంచుకున్నాడు. కలీనను చూస్తే, అది పార్కు గేటు దగ్గరే రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని నిలబడింది.

"ఏమైందే, కంట్లో నలక పడిందా?" అన్నాను.

"చెట్టు పూసిందా నాన్నా?"

"నువ్వే చూడు."

"చెప్పొద్దు! చెప్పొద్దన్నానా! నేను చూడను."

నన్ను వంగమని చెవిలో చెప్పింది. ఈ దారం చేతికి ఉన్నంతసేపూ అమ్మ నా చెయ్యి పట్టుకున్నట్టే అని అమ్మ చెప్పింది. కొంగను చూసినా, పూసిన చెట్టును చూసినా దారం తీసేయాలి. చూడకపోతే తియ్యక్కర్లేదు కదా. చూసి కూడా చూడలేదంటే అబద్ధం అవుతుంది కదా. అందుకని నిజంగానే చూడకూడదు.

నెవేనా, ఐదేళ్ళ పిల్ల ఇంత పెద్ద లెక్క వేసుకుందని విన్నప్పుడు నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తీసేయమని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రోజు నుంచి మేము పార్కులోకి ఇలా వెళ్ళేవాళ్ళం: కలీన కళ్ళు మూసుకుని నా జేబు పట్టుకుంటుంది, బోయాన్ ముందు నడుస్తూ "అక్కా, మెట్టు! అక్కా, కుక్క!" అని దారి చూపిస్తాడు. ఇసుక గుంట దగ్గరకు చేరాక కళ్ళు తెరిచి, తల దించుకుని ఇసుకనే చూస్తూ ఆడుకుంటుంది. ఉయ్యాల మీద కళ్ళు మూసుకునే ఊగుతుంది. రాకెట్టు కూడా కళ్ళు మూసుకునే ఎక్కడం నేర్చుకుంది, ఒక్కో కడ్డీ తడుముకుంటూ. మిగతా పిల్లలు చుట్టూ చేరి నోరు తెరుచుకుని చూసేవారు. నేను కింద చేతులు చాపి నిలబడేవాణ్ణి. బెంచీ మీది ముసలమ్మలకు విషయం తెలిశాక, ఎప్పుడూ లేనిది, ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. గీనా అవ్వ తన పొట్లంలోని గింజలన్నీ కలీన జేబులో పోసింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. నువ్వు కూర్చుని చదువుతుంటే దిండుకు ఆనుకో. ఎల్కాను పిలిచి పక్కన కూర్చోమను. నేను చెప్పబోయేది జరిగిపోయింది, దాటిపోయింది, ఇప్పుడంతా బాగుంది. ఈ క్షణంలో కలీన పక్క గదిలో తమ్ముడి మీద కాళ్ళేసి నిద్రపోతోంది, గురక కూడా వినిపిస్తోంది. ఇది మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

మొదట్లో అందరం క్షేమం అని రాశాను కదా. ఒక చెయ్యి తప్ప అందరం క్షేమం. కలీన కుడి మణికట్టు ఎముక చిట్లింది. కట్టు వేశారు. వేళ్ళు చక్కగా కదులుతున్నాయి, నొప్పి లేదు. ఎముక వంకర పోలేదని, చిన్నపిల్లల ఎముకలు త్వరగా అతుక్కుంటాయని డాక్టరు నాకు ఎక్స్‌రే ఫోటో చూపించి మరీ చెప్పాడు.

మార్చి ఆఖరి శనివారం జరిగింది. అది రాకెట్టు రెండో వరస కడ్డీ మీద ఉంది, కళ్ళు మూసుకుని. నేను దాని కిందే ఉన్నాను. బోయాన్ ఎప్పటిలాగే "కొంగ! కొంగ!" అని అరిచాడు. ఎవరూ తలెత్తలేదు. నేను మాత్రం ఎందుకో ఎత్తాను. నిజం కొంగ, నెవేనా! నది అవతలి నుంచి రెక్కలు చాపుకుని, మా తలల మీదుగా, కాళ్ళు వెనక్కి పెట్టుకుని నిదానంగా వస్తోంది. ఈ ఏటి మొదటి కొంగ. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. "కలీనా, చూడు! నిజంగానే కొంగ!" అని గట్టిగా అరిచాను. తండ్రిని, అన్నీ తెలిసినవాణ్ణి, నేనే అరిచాను.

అది చూడకూడదని కంగారుపడి రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ కడ్డీని వదిలేశాయి.

నేను ఆకాశం వైపు చూస్తున్నాను కాబట్టి పట్టుకోలేకపోయాను. ఈ ఒక్క మాట నీకు రాయలేక ఇన్ని రోజులు జడల గురించి, సూపు గురించి రాశాను. కింద ఇసుక ఉండబట్టి బతికిపోయాం. చెయ్యి ఆనించి పడింది. ఏడవలేదు. తెల్లబోయిన మొహంతో, ఇంకా కళ్ళు మూసుకునే, "నాన్నా, నేను చూళ్ళేదు కదా?" అని అడిగింది.

"లేదమ్మా, చూళ్ళేదు," అన్నాను.

"అయితే తియ్యక్కర్లేదు," అంది.

దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. త్సోనా అవ్వ బోయాన్‌ను చంకనేసుకుని, ఆ వయసులో, నా వెనకే పరిగెత్తింది. అక్కడ అసలు గొడవ మొదలైంది. మణికట్టు వాచిపోయి దారం చర్మంలోకి దిగుతోంది. డాక్టరు కత్తెర తీశాడు. ఎముక చిట్లినా ఏడవని పిల్ల కత్తెర చూసి ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. పట్టుకుందామంటే కాళ్ళతో తన్నింది. చివరికి కట్లు వేసే నర్సు, లావుపాటి మనిషి, డాక్టర్ని పక్కకు జరగమని దాని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎవరు కట్టారమ్మా ఇది?"

"అమ్మ. అంబులెన్స్ వచ్చినప్పుడు."

ఆవిడ నా వైపు చూసింది. నువ్వు సోఫియా ఆసుపత్రిలో ఉన్నావని, బిడ్డను నిలబెట్టుకోవడానికి పడుకోబెట్టారని చెప్పాను.

"అలాగా. అయితే అమ్మ వేసిన ముడిని నేను ముట్టుకోను," అంది ఆవిడ. "ఇదిగో, ముడికి దూరంగా, ఇటు పక్క కత్తిరిస్తా. అమ్మ ముడి ఉన్నదున్నట్టే ఉంటుంది. ఈ ఎడమ చేతికి పెట్టి నేను ఇంకో ముడి వేస్తా. సరేనా?"

కలీన ముక్కు ఎగబీల్చింది.

"మీ ముడి చిన్నదిగా వెయ్యండి," అంది.

ఆవిడ చిన్నదిగానే వేసింది. ఇప్పుడు దాని ఎడమ చేతికి నీ దారం ఉంది, నీ ముడి పైకి కనిపించేలా.

బొమ్మ సంగతి ఇప్పుడు నీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ కొంగను గీసింది కలీన కాదు, నేను. బొమ్మ లేకుండా ఉత్తరం పంపితే నీకు అనుమానం వస్తుందని, పిల్ల గీసినట్టు ఉండాలని ఎడమ చేత్తో గీశాను. మూడోది కాలే. పొగగొట్టం కాదు, గీత జారింది. కలీన దాన్ని చూసి "ఇది కొంగా, కుర్చీనా?" అని అడిగి, వెంటనే గాభరాపడి, "బొమ్మలో కొంగను చూసినా లెక్కేనా?" అంది. కుర్చీనే అని చెప్పాను. కొంగలంటే కళ్ళు మూసుకునే పిల్ల నీకు కొంగ బొమ్మ పంపదని నాకు అప్పుడు తట్టలేదు. దొంగతనం చేయడానికి కూడా తెలివి ఉండాలి.

నీకు ఎందుకు చెప్పలేదో నీకు తెలుసు. పోయిన ఏడు మనం పోగొట్టుకున్నదాన్ని ఇద్దరం మరిచిపోలేదు. ఇప్పుడు ఇంత దూరం వచ్చాం. నువ్వు కంగారుపడి మంచం దిగి, విదిన్‌కు రైలెక్కుతానని పట్టుబడితే ఆ పాపం కూడా నాదే అవుతుందని భయపడ్డాను. బెంచీ మీద దీని గురించి రెండు రోజులు సభ జరిగింది. గీనా అవ్వ చెప్పొద్దంది. త్సోనా అవ్వ ఒప్పుకోలేదు. "ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళి కిటికీ కింద నిలబెడతానంటున్నావు. పైనుంచి కట్టు చూసిందంటే అక్కడే కూలబడుద్ది. కళ్ళతో చూడకముందే చెవిన పడాలి. ఇవాళే రాయి, పిల్లలు పడుకోగానే కూర్చో," అని నన్ను ఇంటికి తరిమింది. కట్టు పడ్డప్పటి నుంచి కలీనను బడికి పంపట్లేదు, నేను షిఫ్టులో ఉన్నప్పుడు పొద్దుట పూట ఆవిడే తన దగ్గర ఉంచుకుంటోంది. ఆవిడకు మనం చాలా రుణపడ్డాం.

అవును, ఆదివారం వస్తున్నాం. ముగ్గురం. ఇది కలీన వేసిన పథకం.

నీ ఉత్తరంలో కిటికీ కింద ఒక చెట్టుందని, మొగ్గలు బిగపట్టుకుని ఇంకా మొండిగా నిలబడి ఉందని, అది ఎప్పుడు పూస్తుందా అని రోజూ చూస్తున్నానని రాశావు కదా. ఆ ముక్క చదివి వినిపించగానే కలీన భోజనం ఆపేసింది. "అమ్మ కిటికీలోంచి చెట్టు కనిపిస్తుందా?" కనిపిస్తుందన్నాను. "ఎప్పుడూ కనిపిస్తుందా? పడుకున్నా?" కొమ్మలు కనిపిస్తాయని రాసిందిగా అన్నాను. మర్నాడు పొద్దున నేను జడ వేస్తుంటే చెప్పింది. "నాన్నా, నా దారం ఆ చెట్టుకు కట్టేస్తే? అప్పుడు అమ్మే నా చెయ్యి పట్టుకోక్కర్లేదు. నేను అమ్మ చెయ్యి పట్టుకుంటా."

జడ సగంలో వదిలేసి రైళ్ళ వేళల కాగితం వెతికాను.

అది ఏ చెట్టో నువ్వు రాయలేదు. నల్లటి బెరడు, గోధుమరంగు మొగ్గలు అని మాత్రం రాశావు. బెంచీ మీద అడిగితే చెర్రీ అని ఒకరు, బాదం అని ఒకరు, "అవన్నీ కాదు, అది అక్రోటు, ఎదురుచూసినా పూత కనపడదు" అని గీనా అవ్వ. కొట్టుకునేదాకా వెళ్ళారు. అక్రోటు అన్న మాట కలీన చెవిన పడకుండా నేను గట్టిగా దగ్గాను. సోఫియాలో మనకంటే వసంతం ఆలస్యం కదా, కొండ గాలికి ఇంకా చలిగానే ఉంటుంది. ఆదివారానికి పూస్తే పూస్తుంది. పూయకపోతే ఏం చేయాలో నాకు తోచలేదు, కలీననే అడిగాను. ఆ జవాబు ఆఖర్లో రాస్తాను.

ఇంకొకటి చెప్పాలి, కిటికీలోంచి చూసినప్పుడు నువ్వు తెల్లబోకూడదు. దాని కట్టు తెల్లగా, మోచేతి దాకా ఉంది. మొదటి రోజు పార్కుకు తీసుకెళ్ళినప్పుడు అది కట్టును కోటు కింద దాచుకుని ఓ మూల నిలబడింది. త్సోనా అవ్వ చూసింది. తన సంచిలోంచి మనవడికి అల్లుతున్న స్వెట్టరు తీసింది, ఎర్రది, సగం అయింది. ఇంకేం ఆలోచించకుండా సర్రున విప్పేసింది. ఆ ఊలు తీసుకుని కట్టు చుట్టూ తిప్పి తిప్పి చుట్టారు, నలుగురు ముసలమ్మలు కలిసి, ఒకరినొకరు తోసుకుంటూ, "నువ్వు వదులుగా చుడుతున్నావ్", "నీకు కళ్ళు కనపడవు, పక్కకి జరుగు" అని పోట్లాడుకుంటూ. చివర రెండు పెద్ద కుచ్చులు వేలాడదీశారు. తెల్ల కట్టు, ఎర్ర ఊలు. విదిన్‌లో ఇంత పెద్ద మార్చి దారం ఇంతకు ముందు ఎవరూ చూసి ఉండరు. పిల్లలంతా దాన్ని ముట్టుకోవడానికి వరస కట్టారు. మన పిల్ల గొప్పలు పోవడం మొదలుపెట్టింది. ఇది చెట్టుకు కట్టక్కర్లేదట, డాక్టరు విప్పేదాకా ఉంచుకోవచ్చట, అప్పటికి అమ్మ ఇంటికొచ్చేస్తుందట. ఎవరూ కాదనలేదు.

ఈ కవర్లో ఒక కాగితం పెట్టాను. దాని మీది గీతలు కలీన ఎడమ చేత్తో గీసినవి. ఒట్టు, ఇవి నిజంగా దానివే. పెద్ద గుండ్రం నువ్వు, అందులో చిన్న గుండ్రం తమ్ముడో చెల్లెలో. పక్కన కిటికీ. బోయాన్ కూడా కింద ఏదో గీశాడు, అది కొంగట. వాడు తన దారం కొంగను చూసిన సాయంత్రమే చెట్టుకు కట్టేశాడు. ఎగిరే కొంగను చూశాం కాబట్టి ఈ ఏడంతా ప్రయాణాలేనని త్సోనా అవ్వ వాడికి చెప్పింది. అప్పటి నుంచి రైలు ఎప్పుడు, రైలు ఎప్పుడు అని నా ప్రాణాలు తోడేస్తున్నాడు. నా దారం మాత్రం ఇంకా చేతికే ఉంది. కొంగను చూశాక కూడా తీయలేదు, మార్చి అవ్వ ఏమనుకున్నా సరే. అదీ అక్కడే కడతాను.

ఈ ఉత్తరం పొద్దున్నే పోస్టులో వేస్తాను, శుక్రవారానికి నీకు అందాలి. చదివి, నన్ను తిట్టుకో, ఎంత కావాలంటే అంత తిట్టుకో. కానీ మంచం మీద పడుకునే తిట్టుకో.

ఆదివారం పొద్దుటి రైలుకు వస్తాం. సోఫియాలో ఎక్కడ ఏ చెట్టు పూసిందో తెలియదు కాబట్టి, స్టేషను నుంచి ట్రామ్‌లో, ఆసుపత్రి గేటు దాకా కలీన కళ్ళు మూసుకునే వస్తుంది. బోయాన్ దారి చెబుతాడు. కిటికీ కిందికి వచ్చాక కూడా తెరవదట. చెట్టు పూయకపోతే ఎలా అని అడిగానన్నానే, అది నా వైపు జాలిగా చూసింది. "నేను కళ్ళు తెరిచేది చెట్టు కోసం కాదు కదా నాన్నా. అమ్మ పిలిచాక తెరుస్తా. ముందు అమ్మను చూస్తా. చెట్టు తర్వాత."

కాబట్టి మధ్యాహ్నం అయ్యేసరికి నెమ్మదిగా, ఎల్కా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరకు రా. కింద అరుస్తున్న మొగుళ్ళ మధ్య ఎరుపూ తెలుపూ చెయ్యి పైకెత్తి, కళ్ళు మూసుకుని నిలబడ్డ పిల్ల కనిపిస్తుంది. ఈసారి ఎల్కాతో అరిపించకు. నువ్వే పిలువు.

ఇట్లు,
ఆకాశం వైపు చూడటం మానేసి పిల్లల వైపే చూస్తున్న
నీ భర్త
కామెన్